వేళాకోళం చేసే హక్కు

కరోనా మాస్కులు మొహాల మీంచి జేబుల్లోకి దిగిపోయిన ఏడాది, ఆగస్టు మొదటి వారంలో, టాంజానియాలోని ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చే విద్యార్థుల బృందానికి నన్ను కోర్సు కోఆర్డినేటరుగా వేశారు. అప్పటికి నేను గుంటూరుకి దక్షిణాన, ప్రత్తిపాడు వెళ్లే దారిలో ఉన్న పత్తి పరిశోధన కేంద్రంలో ప్రిన్సిపల్ సైంటిస్టుని. హోదా చిన్నదేమీ కాదు, స్టేషన్ హెడ్ తర్వాత నేనే. అయినా రిటైర్మెంటుకి రెండేళ్లు మిగిలినవాళ్లకి ఇలాంటి పనులు అంటగట్టడం మా శాఖలో ఆనవాయితీ. కోఆర్డినేటరంటే పేరుకి పాఠం చెప్పే మనిషి. నిజానికి పెళ్లివారి విడిదిలో వేడినీళ్లు అందాయా, దుప్పట్లు సరిపోయాయా అని తిరిగే మేనమామ ఉద్యోగం అది. బ్రాడీపేటలో మా ఇంటి నుంచి పొద్దున్నే బయల్దేరితే, దీపాలు పెట్టే వేళకి గాని ఇంటికి చేరేదాన్ని కాదు.

ఉత్తర్వులో "ఎనిమిదిమంది ఆఫ్రికన్ విద్యార్థులు" అని ఉంది. అంతే. మా గెస్ట్‌హౌస్ సూపరింటెండెంటు శేషాచలంగారు ఆ కాగితం పట్టుకుని నా గదికి వచ్చి, "మేడం, ఆఫ్రికావాళ్లకి ఏం వండించమంటారు?" అని అడిగారు.

"ఇండియావాళ్లకి ఏం వండాలండీ అని ఎవరైనా మిమ్మల్ని అడిగితే ఏం చెప్తారు శేషాచలంగారూ? గోంగూరా, రొట్టెలా?" అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకున్నారు. పాపం, మంచాయన. నాకు నోటిదురుసు ఎక్కువ, అది సర్వీసంతా ఉంది, ఇప్పుడూ ఉంది.

వాళ్లు మా దగ్గరకి వచ్చింది సంకర పత్తి విత్తనం ఎలా తయారుచేస్తారో ఒక పంటకాలం ఉండి నేర్చుకోవడానికి. ఎనిమిదిమందిలో ఏడుగురు టాంజానియావాళ్లు. బరాకా అనే కుర్రాడు వాళ్లకి నాయకుడు. ఎన్నుకోలేదు, గొంతు పెద్దది కాబట్టి అయ్యాడు. విక్టోరియా సరస్సు పక్కన సుకుమా తెగవాడు, వాళ్ల ప్రాంతమంతా పత్తేనట. "నేను పత్తిలో పుట్టాను మేడం, నాకు మీరు కొత్తగా చెప్పేదేముంటుంది?" అని మొదటిరోజే నవ్వుతూ అన్నాడు. నీమా అనే అమ్మాయి సముద్రతీరపు జరామో తెగ పిల్ల. సన్నగా, చురుగ్గా, నాలుక్కి రెండువైపులా పదునుతో ఉండేది. ఆ పిల్లని చూస్తే నన్ను నేను చూసుకున్నట్టు ముచ్చటేసింది.

ఎనిమిదో మనిషి ఇనెస్. ఆమెది టాంజానియా కాదు, పొరుగున ఉన్న బురుండి. పటంలో వెతికి పట్టుకోవాల్సినంత చిన్న దేశం. ఆమె చిన్నతనంలో అక్కడ గొడవలైతే కుటుంబమంతా సరిహద్దు దాటి టాంజానియా శిబిరంలో కొన్నేళ్లు తలదాచుకున్నారు. సద్దుమణిగాక తిరిగి వెళ్లారు. వాళ్ల నాన్నకి ఏటి పక్కన కాస్త పత్తి చేను ఉంది. ఆ చేలో వేసే విత్తనం ఎక్కడో తయారై రావడం కాదు, తన చేతులతో తయారుచెయ్యాలని ఆమె కోరిక. అందుకని పెద్దయ్యాక మళ్లీ అదే టాంజానియాకి చదువుకోసం వచ్చింది, ఈసారి సీటు తెచ్చుకుని. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. మొదట్లో ఇనెస్ అంటే తరగతిలో చివర కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. అంతే.

సెప్టెంబరులో క్రాసింగ్ మొదలైంది. ఆ పనేమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. పత్తిపువ్వు తనను తాను ఫలదీకరణం చేసుకునే రకం. సంకర విత్తనం కావాలంటే ఆడ వరసల్లోని మొగ్గలకి ఆ అవకాశం ఇవ్వకూడదు. రేపు విచ్చుకోబోయే మొగ్గని ఈ మధ్యాహ్నమే గుర్తుపట్టి, బొటనవేలి గోటితో చుట్టూ గీసి, రేకుల్నీ పుప్పొడి తిత్తుల్నీ ఒలిచేసి, పుప్పొడి అందుకునే లోపలి కీలం మాత్రం మిగిల్చి ఎర్ర కాగితపు తొడుగు వెయ్యాలి. దీన్ని మావైపు మొగ్గ గిల్లడం అంటారు. మర్నాడు ఉదయం మగ వరసలోంచి విచ్చుకున్న పువ్వు తెచ్చి, ఆ కీలానికి పుప్పొడి రాసి, కాడకి దారం కట్టాలి. గిల్లకుండా తప్పిపోయిన మొగ్గ ఏదైనా ఉంటే అది పొద్దున్నే దర్జాగా పువ్వై నిలబడుతుంది. దాన్ని తెంపి పారెయ్యాలి. తెంపకపోతే ఆ కాయలోని గింజ మొత్తం విత్తనంలో కలిసి, మరుసటి ఏడు ఎవరి చేలోనో మా పరువు తీస్తుంది.

పని మొదలైన కొద్ది రోజులకే శేషాచలంగారు ఫిర్యాదు పట్టుకొచ్చారు. బరాకా, నీమా భోజనాల దగ్గర రోజూ పోట్లాడుకుంటున్నారని, అవి మామూలు తగాదాలు కావని, వంటమనిషి భయపడి గరిట వదిలేశాడని చెప్పారు. "ఆడపిల్ల కదా మేడం, రేపు ఏదన్నా అయితే మన మెడకి చుట్టుకుంటుంది" అన్నారు. నిబంధన ప్రకారం విదేశీ విద్యార్థుల మీద ఫిర్యాదు వస్తే ముగ్గురు సభ్యుల కమిటీ విచారించాలి. స్టేషన్ హెడ్, నేను, శేషాచలంగారు కూర్చున్నాం. బృందం మొత్తాన్ని పిలిపించాం.

స్టేషన్ హెడ్ గొంతు సవరించుకుని, నీమా నిన్న రాత్రి భోజనాల దగ్గర బరాకాని ఏమన్నదో చెప్పమన్నారు. ఆ పిల్ల ఏ జంకూ లేకుండా చెప్పింది. వీడి తాతలు బరువులు మోసుకుంటూ మా తీరానికి వచ్చి, సముద్రాన్ని చూసి పెద్ద ఆవుల చెరువు అనుకుని గిత్తల్ని నీళ్లకి తోలారు, ఆ తెలివే వీడికీ వచ్చింది అన్నానండీ అంది. మరి నువ్వేమన్నావయ్యా అంటే, బరాకా లేచి నిలబడి, వీళ్ల తాతలు పగలంతా కొబ్బరిచెట్టు నీడతోపాటు చాపని జరుపుకుంటూ పడుకునేవారు, అంతకుమించి వీళ్లకి వ్యవసాయం తెలియదు అన్నానండీ అన్నాడు. మిగతావాళ్లు తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. శేషాచలంగారు మాత్రం నోట్ రాసుకుంటున్నారు.

"మేడం," అన్నాడు బరాకా నాతో, "ఈమె నా మ్తాని. ఈమె నన్ను తిట్టకపోతే నాకు జబ్బు చేసిందని అర్థం."

అప్పుడు విషయం బయటపడింది. వాళ్ల దేశంలో కొన్ని తెగల మధ్య ఉతాని అనే కట్టుబాటు ఉందట. ఆ వరస ఉన్నవాళ్లు, అంటే మ్తానీలు, ఒకర్నొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. ఒకరింట్లో చావు జరిగితే అవతలి వరసవాళ్లు వచ్చి పాడె పనులు చూస్తారు, ఏడ్చేవాళ్ల మధ్య నిలబడి చచ్చినవాణ్ణి కూడా వేళాకోళం చేస్తారు. పెళ్లయితే వచ్చి ఏదో ఒక వస్తువు లాక్కుపోతారు. నాకు నవ్వాగలేదు. "ఇంతేనా! ఇవి బావామరదళ్ల సరసాలండీ, కమిటీ ఎందుకు దీనికి?" అన్నాను హెడ్‌తో. ఆయన కూడా నవ్వేశారు. శేషాచలంగారు పెన్ను మూత పెట్టారు.

అందరూ లేస్తుంటే, ముగింపుగా ఉంటుందని కాబోలు, హెడ్ ఇంకెవరికైనా ఫిర్యాదులున్నాయా అని అడిగారు. చివర కుర్చీలోంచి ఇనెస్ మెల్లగా చెప్పింది. "నాకు లేవు సార్. ఈ మూడేళ్లలో నన్నెవరూ ఒక్క మాట అనలేదు."

హెడ్ సంతోషించారు. నేను సంతోషించలేదు. ఆ పిల్ల చెప్పిన తీరు బాగా లేదు. బరాకా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇనెస్ నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. తనని పంపించెయ్యమంది. టాంజానియాకి కాదు, సరాసరి వాళ్ల ఊరికి. డిగ్రీ సంగతేమిటంటే వద్దంది. ఆఖరి ఏడాది, ఈ కోర్సు పూర్తిచేస్తే తప్ప పట్టా రాదు. నువ్వు తయారుచేస్తానన్న విత్తనం ఏమైపోవాలి అన్నాను. అప్పుడు ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మేడం, వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నేను వస్తే లేచి కుర్చీ ఇస్తారు. జ్వరమొస్తే మందు తెస్తారు. కానీ నేను వచ్చేదాకా గదంతా నవ్వులు, నేను రాగానే నిశ్శబ్దం. మూడేళ్లుగా నేను వాళ్లింట చుట్టాన్నే. చుట్టం ఎన్నాళ్లుంటుంది? వీళ్లు నన్ను మనిషిగా లెక్కవెయ్యరు, అందుకే తిట్టరు. నేనింక ఉండలేను" అంది.

పట్నంలో హాస్టలు చదువులు చదివినదాన్ని, ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో తెలుసు. అయినా పైకి, కోర్సు మధ్యలో వదిలేస్తే నేను పై ఆఫీసుకి రాయాలి, వాళ్లు మీ యూనివర్సిటీకి రాయాలి, దానికి కొంత వ్యవధి పడుతుంది, ఈలోపు మొగ్గలు నీ కోసం ఆగవు, పొలంలోకి నడువు అన్నాను. అబద్ధమేమీ కాదు. కానీ ఆ కాగితం నేను ఆవేళ రాయలేదు, ఆ వారమంతా రాయలేదు.

ఇక్కడ కోటమ్మ గురించి చెప్పాలి. మా స్టేషన్‌లో క్రాసింగ్ పనికి ప్రత్తిపాడు నుంచి ఆడకూలీల ముఠా ఆటోల్లో వచ్చేది. ఆ ముఠాకి కోటమ్మ మేస్త్రి. ఏభై దాటిన మనిషి, ఎండకి మాడిన చెయ్యి, నోట్లో ఎప్పుడూ మాట. మొగ్గ గిల్లడం ఇద్దరిద్దరుగా చేసే పని. సాలుకి ఇటొకరు, అటొకరు నిలబడి మొక్క మీదుగా మాట్లాడుకుంటూ పోతారు. మధ్యాహ్నపు ఎండలో మాట లేకపోతే కన్ను మూతపడుతుంది, మొగ్గ తప్పిపోతుంది. అందుకని ఆ ముఠాలో ఒక పద్ధతి. వదినా మరదళ్లని ఎదురెదురుగా పెడతారు. అక్కాచెల్లెళ్లని పెట్టరు. అక్కాచెల్లెళ్లయితే ఇంటి కష్టాలు చెప్పుకుని ఏడుస్తారు, పని సాగదు అనేది కోటమ్మ.

ఆ మధ్యాహ్నం కోటమ్మకి ఎదురు సాలుమనిషి రాలేదు. ఇనెస్‌ని తీసుకెళ్లి అక్కడ నిలబెట్టాను. కోటమ్మ ఆమెని కిందికీ మీదికీ చూసి, "పేరేందమ్మా?" అంది. చెప్పాను. "ఇన్నాసమ్మా! మా ఊళ్లో ఉందిగా ఒక ఇన్నాసమ్మ" అని సంతోషించి, వెంటనే అసలు ప్రశ్న వేసింది. "ఏ వరస మేడంగారూ?"

"వరసేమిటి కోటమ్మా, వేరే దేశం పిల్ల."

"అయితే? పొద్దు గూకిందాకా ఎదురుగా నిలబడాలిగా. ఏవని పిలుచుకోవాలి? అన్నలున్నారా అడగండి."

ఒక అన్న ఉన్నాడని ఇనెస్ చెప్పింది. కోటమ్మ కాసేపు మొగ్గలు గిల్లుతూ ఆలోచించి తేల్చేసింది. వాళ్లాయనకి ఒక చెల్లెలుండేదట, చిన్నప్పుడే పోయిందట. "నాకు ఆడబిడ్డ లేని లోటు అట్టాగే ఉండిపోయింది. తిట్టుకోటానికి ఒక్కత్తన్నా లేదు. ఈ పిల్ల నా మరదలు. నన్ను వదినా అనమనండి." ఆ మాటలన్నీ ఇనెస్‌కి ఇంగ్లీషులో చెప్పాను. ఏం చెయ్యాలో తెలియక నవ్వి, "వదినా" అంది. ముఠా అంతా గొల్లుమంది.

ఇక కోటమ్మని ఆపేదెవరు! "ఏందే మరదలా, ఆ మొగ్గని అట్టా నిమురుతున్నావ్? మొగుడి బుగ్గనుకున్నావా? గిల్లు, గిల్లు!" అని మొదలుపెట్టింది. ఈ వేగంతో గిల్లితే మనం ఇల్లు చేరేలోగా మీ అన్న, అంటే కోటమ్మ మొగుడు, అన్నమంతా తినేస్తాడనీ, ఇంత పొడుగెదిగి మెదడు మాత్రం మోకాళ్ల దగ్గరే ఆగిందనీ, ఎవరన్నా చేసుకుంటే వాళ్లకి కట్నం తనే పోస్తాననీ. నేను తర్జుమా చెయ్యలేక చస్తున్నాను. ఇనెస్ మొదట బిక్కమొహం వేసింది. తర్వాత ఒక మొగ్గ తీసి కోటమ్మ మీదికి విసిరింది. ముఠా మళ్లీ గొల్లుమంది. మూడో రోజుకి నా తర్జుమా అక్కర్లేకుండా పోయింది. "ఏందే" అంటే ఏమిటో, దానికి ఏ గొంతుతో జవాబివ్వాలో ఆ పిల్లకి తెలిసిపోయింది. భోజనాల వేళ కోటమ్మ తన క్యారేజీలోని పచ్చిమిరపకాయ పచ్చడి ఆమె కంచంలో పెట్టేది, మంట పుట్టి గంతులేస్తే చూసి మళ్లీ తిట్టేది.

ఆ వారంలోనే బరాకా నా దగ్గరికి విసవిసా వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "మేడం, ఆ పెద్దామెని ఆపండి. మా ఇనెస్‌ని అందరి ముందూ అవమానిస్తోంది. గొంతు వింటేనే తెలుస్తోంది. ఆమె మాకు అతిథి. మేం చూస్తూ ఊరుకోం" అన్నాడు.

శేషాచలంగారు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. "కమిటీ వేద్దామా బరాకా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "అది అవమానం కాదయ్యా. కోటమ్మ ఆమెకి మ్తాని. మా ఊరి పద్ధతిలో వరస కలుపుకుంది" అని చెప్పాను. వాడు అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. దూరంగా ఇనెస్ కోటమ్మ కొంగు పట్టుకుని లాగుతోంది. ఆ నవ్వు మాదాకా వినిపిస్తోంది. ఆమె అంత గట్టిగా నవ్వడం తను ఎప్పుడూ వినలేదన్నాడు.

"మరి మీరెందుకు ఆమెని ఒక్కమాటా అనరు? మూడేళ్లు ఒకే తరగతిలో ఉన్నారు" అని అడిగేశాను. నాకు కోపంగానే ఉంది.

వాడు మట్టిబెడ్డలు చిదుపుతూ చెప్పాడు. ఉతాని ఎవరికివారు పెట్టుకునేది కాదట. వాళ్ల తాతలు నీమావాళ్ల ఊళ్ల మీదుగా బరువులు మోస్తూ నడిచారు, దారిలో కొట్టుకున్నారు, కలిసి తిన్నారు, ఒకరి శవాల్ని ఒకరు పూడ్చారు. అప్పుడొచ్చిన హక్కు అది. బురుండివాళ్లతో అలాంటిది లేదు. "పైగా ఏమని వేళాకోళం చెయ్యాలి మేడం? మా చిన్నప్పుడు వాళ్లు నెత్తిన పరుపులు పెట్టుకుని సరిహద్దు దాటి రావడం చూశాం. ఏ మాట అన్నా చివరికి ఆ పరుపు దగ్గరికే పోతుంది. మా అమ్మ చెప్పింది, వాళ్లతో జాగ్రత్తగా మాట్లాడరా, పుండు మీద చెయ్యి వేస్తావు అని. అందుకే మేమంతా జాగ్రత్తగా ఉన్నాం."

నా కోపం అక్కడితో పోయింది. ఇటు చూస్తే తనని మనిషిగా లెక్కవెయ్యడం లేదని ఆ పిల్ల ఏడుపు. అటు చూస్తే ఎక్కడ నొప్పి కలుగుతుందోనని వీళ్ల భయం. మధ్యలో మూడేళ్లు ఎవరికీ అక్కరకి రాకుండా పోయాయి. ఇదంతా వెళ్లి ఆమెతో చెప్పు అంటే, బరాకా తలకాయ అడ్డంగా ఊపాడు. అంత గొంతున్న కుర్రాడికి ఆ ఒక్క పనికి ధైర్యం చాలలేదు.

అందుకని నేనే చెప్పాను. సాయంత్రం పనయ్యాక మగ వరసల పక్కన నడుస్తూ, ఒక్క ముక్క దాచకుండా, పరుపులతో సహా చెప్పాను. ఇనెస్ ఆగిపోయింది. "భయమా? నన్ను చూసి బరాకాకి భయమా?" అంది. తర్వాత కోపం వచ్చింది. కోపమంటే మామూలు కోపం కాదు, చెప్పు కింద బెడ్డని నలిపేసింది. "వాళ్ల జాగ్రత్త కోసం నేను మూడేళ్లు ఒంటరిగా అన్నం తిన్నానా? ఆ పరుపు నాది మేడం. మా అమ్మ నెత్తిన పెట్టింది, నేను పక్కన నడిచాను. దాన్ని గురించి మాట్లాడొద్దని వీళ్లెవరు చెప్పడానికి?" అంది. పంపించే కాగితం రాశారా అని వెళ్తూ వెళ్తూ అడిగింది. ఇంకా లేదన్నాను.

మర్నాడు ఉదయం తనిఖీ వంతు ఇనెస్‌ది. తనిఖీ అంటే పుప్పొడి రాసే ముందు ప్రతి సాలులోనూ నడిచి, నిన్న గిల్లకుండా తప్పిపోయి తొడుగు లేకుండా విచ్చుకున్న పువ్వుల్ని ఏరి తెంపడం. ఎవరి సాలు ఎంత శుభ్రంగా ఉందో అందరికీ తెలిసే సమయం అది. మేమంతా గట్టు మీద నిలబడి ఉన్నాం. నీమా, బరాకా, మిగతా పిల్లలు, కోటమ్మ ముఠా. ఇనెస్ బరాకా సాలులోంచి బయటికి వచ్చింది. ఒడినిండా పువ్వులు. పత్తిలో పుట్టినవాడు కదా, దొరగారు మొగ్గల్ని బాగానే వదిలేశారు.

ఆమె గట్టు మీదికి ఎక్కి, ఆ పువ్వులన్నీ బరాకా కాళ్ల ముందు కుమ్మరించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది. ఆ నిలబడ్డ తీరు అచ్చం కోటమ్మదే. స్వాహిలీలో గట్టిగా ఏదో అంది. నాకు తర్వాత నీమా చెప్పింది, ఆమె అన్నది ఇదీ అని.

"మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, నెత్తిన పరుపేసుకుని పరిగెత్తినరోజు కూడా వెనక ఇన్ని వదిలెయ్యలేదురా! నిన్నెవరు తరిమారు?"

కోటమ్మ అంతటిది నోరు మూసుకుంది, అది నేను చూసిన ఒకే ఒక్కసారి. బరాకా పువ్వుల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. ఆ తర్వాత వాడు రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని, లేని పరుపేదో మోస్తున్నట్టు మోకాళ్లు వంచి, గట్టు పొడుగునా తూలుకుంటూ పరిగెత్తి, చివర బోదెకాలవలో పడ్డాడు. పడ్డచోటునుంచే అరిచాడు, మీ దేశం ఎంత ఉందని, పరుపు పరిస్తే సగం దేశం దాని కిందకి పోతుంది కదా అని. నీమా ఇనెస్ మెడ చుట్టూ చేతులేసి, అమ్మయ్య, ఇన్నాళ్లూ ఈ ఆవులకాపరిని నేనొక్కదాన్నే భరించాను అంది. అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఎవరేమంటున్నారో వినపడటం లేదు. ఇనెస్ నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ తిడుతోంది.

"ఏవైంది మేడంగారూ, ఎందుకా అరుపులు?" అంది కోటమ్మ. వరస కలిసిందన్నాను. "ఓస్, అంతేనా! ఎండెక్కిపోతంది, రాండి రాండి, పువ్వులు వాడిపోతయ్" అని ముఠాని సాళ్లలోకి తోలింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర గోల భరించలేకుండా ఉందని శేషాచలంగారు మళ్లీ ఫోన్ చేశారు. ఆ పిల్ల గొంతు కూడా వినపడుతోందా అని అడిగాను. అందరికంటే ఎక్కువ ఆమెదేనండీ అన్నారు. అయితే ఫిర్యాదు లేదని రాసుకోండి అన్నాను. పంపించే కాగితం గురించి ఇనెస్ మళ్లీ అడగలేదు. నవంబరులో కాయ పగిలేదాకా ఉన్నారు. చిలకలూరిపేట తీసుకెళ్లి జిన్నింగు మిల్లు చూపించాను, దూదిలోంచి గింజ ఎలా విడిపోతుందో చూశారు. తిరుగు ప్రయాణంలో బస్సంతా పరుపు మీద పాట కట్టి పాడారు. ఇనెస్ పట్టా పుచ్చుకుంది. ఇప్పుడు వాళ్ల దేశంలోనే విత్తన విభాగంలో పనిచేస్తోంది.

నేను రిటైరైన ఏడాది ఆమె పెళ్లయింది. ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. ఎర్రమట్టి రోడ్డు, సరిహద్దు గేటు, పక్కన ఇద్దరు పోలీసులు. మధ్యలో సూటూ బూటూ వేసుకున్న బరాకా, వాడి నెత్తిమీద చుట్టి కట్టిన పెద్ద పరుపు. పక్కన నీమా, పట్టుచీరలాంటిదేదో కట్టి, గిన్నె మీద గరిటతో వాయిస్తోంది. కింద ఇనెస్ రాసిన మాటలు ఉన్నాయి. "మేడం, మా మ్తానీలు పెళ్లికి వచ్చారు. ఇదెందుకని పోలీసులు ఆపితే, వీళ్లు మా దేశంలో మర్చిపోయారు, తిరిగి ఇవ్వడానికి వెళ్తున్నాను అన్నాడట బరాకా. మా అమ్మ చూసి మొదట ఏడ్చింది, తర్వాత నవ్వలేక నేలమీద కూర్చుంది. వదినకి చూపించండి."

ప్రత్తిపాడు వెళ్లి చూపించాను. కోటమ్మ ఫోను దగ్గరికీ దూరానికీ పట్టుకుని చూసి, "మరదలి పెళ్లికి నాకు చీర పెట్టకుండానే కానిచ్చేసిందా! రానీ, దాని పని చెప్తా" అంది. ఆ మాట అట్లాగే రాసి పంపాను.

ఆ బృందం తర్వాత రిటైరయ్యేలోగా ఇంకొక బృందానికి కూడా నన్నే కోఆర్డినేటరుగా వేశారు. అప్పటికి నా పని పద్ధతి మారింది. భోజనాల దగ్గర ఎవరు ఎవర్ని తిడుతున్నారో చూడటం మానేశాను. అది శేషాచలంగారికి వదిలేశాను. ఎవర్ని ఎవరూ ఏమీ అనడం లేదో మొదటి వారంలోనే కనిపెట్టి, ఆ మనిషిని తీసుకెళ్లి కోటమ్మకి ఎదురు సాలులో నిలబెట్టాను.